రోజూ వెళ్లే దారిలో ఏది ఎప్పుడు మాయమైందో మీకు గుర్తుందా?

సీజన్‌పాస్ | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మూడు వారాలుగా ఒక విషయం నన్ను వదలడం లేదు. ఏళ్ల తరబడి ఒకే దారిలో రైళ్లు, బస్సులు ఎక్కినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా అని అడుగుతున్నాను.

నేను 2004 జూన్ నుంచి బేగంపేటలో ఎంఎంటీఎస్ ఎక్కి హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగుతున్నాను. అప్పటికి ఆ రైళ్లు మొదలై ఏడాది కూడా కాలేదు. కరోనా వల్ల 2020 మార్చి నుంచి 2021 జూన్ దాకా ఆగిపోయిన పదిహేను నెలలు తీసేస్తే, మిగతా కాలమంతా అదే దారి. వీలైనంతవరకు ఎడమవైపు కిటికీ.

బోరబండ దాటాక, హైటెక్ సిటీ వచ్చేలోపు, ఎడమ చేతి వైపు ఒక పెద్ద గుండు ఉండేది. రెండంతస్తుల ఇల్లంత ఉంటుంది. కింద చాప పరిచినట్టు బండ, దాని మీద ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపోయేలా ఈ గుండు. చుట్టూ సీతాఫలం చెట్లు. మా బోగీలో దాన్ని తాబేలు గుండు అనేవాళ్లం. అది కనపడగానే బ్యాగులు తీసుకుని తలుపు దగ్గరికి నడిచేవాళ్లం.

మూడు వారాల కింద ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు నాతో రైలెక్కాడు. ఎక్కడ లేవాలి సార్ అంటే, తాబేలు గుండు కనపడగానే లే అన్నాను. చూపిద్దామని కిటికీ దగ్గర వంగాను. గుండు లేదు. అక్కడ అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. కొత్తవి కూడా కాదు, గోడల మీద వాన చారలు పడి రంగు వెలిసిపోయింది. అంటే అది పోయి ఎన్నో ఏళ్లయింది. అన్నేళ్లూ నేను రోజుకు రెండుసార్లు దాని ముందు నుంచే వెళ్లాను. లేచి నిలబడడం మాత్రం సరిగ్గా అక్కడే లేచేవాణ్ని.

మిగతావి నాకు తేదీలతో సహా గుర్తున్నాయి. 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. ఆ మర్నాడు బేగంపేట ప్లాట్‌ఫారం మీద నిలబడితే నెత్తి మీద విమానాల మోత లేదు. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ చెవుల్లో ఉంది. భరత్‌నగర్ దగ్గర మెట్రో పిల్లర్లు ఒక్కొక్కటీ లేవడం చూశాను, 2017 నవంబరులో వాటి మీద రైలు తిరగడమూ చూశాను. వచ్చినవన్నీ గుర్తున్నాయి. ఆ గుండు ఎప్పుడు పోయిందో మాత్రం ఎంత తవ్వుకున్నా తట్టడం లేదు.

నేను అడిగేవి రెండు. ఆ లైన్లో తిరిగినవాళ్లు ఎవరైనా దాన్ని ఆఖరిసారి ఎప్పుడు చూశారు? మీ దారిలో మీకు ఇలాంటిది జరిగిందా?

గోదారిగట్టు | ఆదివారం, రాత్రి 10:05

నమస్తే అండీ. నాది కొవ్వూరు. రాజమండ్రిలో టీచర్ని. కాలేజీ రోజుల్లో హేవలాక్ వంతెన మీద పాసింజరులో వెళ్లేదాన్ని. 1997లో దాని మీద రైళ్లు ఆపేశారు, పక్కన ఆర్చి వంతెన వచ్చింది. ఉద్యోగం వచ్చినప్పటి నుంచి నా దారి రోడ్డు కమ్ రైలు వంతెన, అదే 1974 నాటిది, దాని మీద బస్సు.

మీకు పోయింది కనపడలేదు, నాకు వచ్చింది కనపడలేదు. వంతెన మధ్యకి వచ్చాక, ఎండాకాలంలో నీరు తీసినప్పుడు, ఒక ఇసుక తిన్నె తేలేది. మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు బస్సులోంచి చూస్తే అది వట్టి తెల్లటి ఇసుక. అది నాకు బాగా గుర్తు, వాంతులవుతుంటే చూపు మళ్లించుకోవడానికి దాన్నే చూస్తూ కూర్చునేదాన్ని. తర్వాత ఎప్పుడో రెల్లు లేచింది. ఏటా జులైలో ఎర్రనీరు వస్తుంది, అంతా మునిగిపోతుంది, ఇంక కొట్టుకుపోయిందిలే అనుకుంటాం. దసరాకి రెల్లు పూసి మళ్లీ తెల్లగా ఊగుతుంది. అమ్మాయి పదో తరగతికి వచ్చేసరికి అక్కడ తుమ్మచెట్లున్నాయి. ఇంటర్‌లో దాన్ని కాలేజీలో చేర్చడానికి తీసుకెళ్తున్నప్పుడు, అమ్మా లంకలో గేదెలు చూడు అంది. నేను దాన్ని అప్పటిదాకా తిన్నె అనే అంటున్నాను. దాని నోట్లో అది ఎప్పుడు లంక అయిందో!

లేడీస్‌బోగీ | ఆదివారం, రాత్రి 10:31

సీజన్‌పాస్ గారూ, ఆ గుండు నాకు తెలుసు! మా బోగీలో దాని పేరు తాబేలు కాదు, బోర్లించిన మూకుడు. నేను సికింద్రాబాద్‌లో ఎక్కేదాన్ని, 2006 నుంచి 2013 దాకా.

ఒక తేదీ గట్టిగా చెప్పగలను. 2010 సెప్టెంబరులో ప్రసవం సెలవు మీద వెళ్లాను. ఆఖరి రోజు లేవడం కష్టంగా ఉంటే పక్క సీటు అక్క నా చెయ్యి పట్టుకుని, మూకుడొచ్చింది, మెల్లగా లే తల్లీ అంది. కాబట్టి అప్పటికి ఉంది. 2011 ఫిబ్రవరిలో తిరిగి చేరాను. అప్పుడు ఉందో లేదో చెప్పలేను. నాలుగు నెలల పాపని మా అత్తగారి దగ్గర వదిలి వచ్చేదాన్ని. చాలా రోజులు కిటికీ వైపు చూడలేదు, ఒళ్లో బ్యాగు మీద తల పెట్టుకునే వెళ్లాను.

చందానగర్‌వాసి | సోమవారం, ఉదయం 7:48

నేను కొంచెం వేరేగా మాట్లాడతాను, ఎవరూ బాధపడొద్దు. నేను ఆ లైన్లోనే ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. మేం బోరు వేయిస్తే మొదటి అడుగు నుంచీ రాయే. అంటే మా ఇల్లు కూడా ఇలాంటి గుట్ట మీదే కట్టారు. శ్రీకాకుళం నుంచి వచ్చి పన్నెండేళ్లు అద్దె ఇళ్లల్లో తిరిగినవాడికి ఆ ఇల్లు ఏమిటో నాకు తెలుసు. ఆ గుండు అక్కడే ఉంటే నాలాంటివాళ్లు ఎక్కడ ఉండాలి?

అలాగని మీరు చెప్పింది నాకు అర్థం కాలేదని కాదు. మా పిల్లవాడు బాల్కనీలోంచి చూస్తే కనపడే చివరి గుట్ట ఒకటుంది. దాని పక్కన పోయిన నెల రేకుల కంచె వేశారు. నేను గమనించాను. ఇది చదివాకే గమనించాను అనాలి.

లెక్కలమాస్టారు | సోమవారం, ఉదయం 11:20

దీనికి చేపల శాస్త్రంలో ఒక పేరు ఉంది. డేనియల్ పాలీ అనే శాస్త్రవేత్త 1995లో రాశాడు: ప్రతి తరం శాస్త్రవేత్తలూ తాము ఉద్యోగంలో చేరినప్పుడు సముద్రంలో ఎన్ని చేపలున్నాయో దాన్నే అసలు లెక్కగా తీసుకుంటారు, తగ్గుదల అక్కడి నుంచే కొలుస్తారు. వాళ్లు రిటైరయ్యేసరికి చేపలు ఇంకా తగ్గుతాయి, కొత్తగా చేరినవాళ్లకు ఆ తగ్గినదే అసలు లెక్క అవుతుంది. షిఫ్టింగ్ బేస్‌లైన్ అన్నాడు దాన్ని. మీ ఆఫీసు కుర్రాడికి ఆ అపార్ట్‌మెంట్లే మొదటి నుంచీ ఉన్నవి. 2004లో మీరు చూసింది కూడా అంతకుముందు చాలా పోగా మిగిలినదే.

మన హైదరాబాద్ గుండ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. వాటిని కాపాడాలని సేవ్ రాక్స్ సొసైటీ వాళ్లు 1996 నుంచి తిరుగుతున్నారు. అంత వయసున్న రాయి పోయిన నెల మనకు తెలియకపోవడం నాకు కూడా మనసులో గుచ్చుకుంది.

తేదీ విషయం. స్ట్రీట్ వ్యూ మన దేశంలో 2022లో వచ్చింది, కాబట్టి దాంతో లాభం లేదు. గూగుల్ ఎర్త్ కంప్యూటర్‌లో పెట్టుకుంటే పాత ఉపగ్రహ చిత్రాలు తేదీల వారీగా చూడొచ్చు. అంత పెద్ద గుండైతే రాయి పోల్చుకోలేకపోయినా దాని నీడ పోల్చుకోవచ్చు. ఏ స్టేషన్ నుంచి ఎంత దూరమో చెప్పండి, సాయంత్రం చూస్తాను.

టిమ్‌మిషన్ | సోమవారం, మధ్యాహ్నం 2:55

నేను నల్గొండ జిల్లాలో పల్లెవెలుగు మీద కండక్టర్ని, పదిహేడేళ్లుగా. నేను ప్రయాణికుణ్ని కాను, అయినా రోజూ అదే దారి కాబట్టి రాస్తున్నాను.

మా రూట్లో రెండు పక్కలా బత్తాయి తోటలుండేవి. పూత మీద ఉన్నప్పుడు బస్సంతా వాసన. ఇప్పుడు చాలాచోట్ల వరి. తోట ఒకేసారి కొట్టరు సార్. ముందు రెండు వరసలు ఎండుతాయి, వాటిని తీసి ఆ జాగలో ఇంకేదో వేస్తారు, వచ్చే ఏడు ఇంకో నాలుగు వరసలు. ఒకరోజు కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన, పూత వాసన రావట్లేదు బిడ్డా ఈ ఏడు అన్నాడు. నేను ఆ ఏడే కాదు, అంతకుముందు ఏడు కూడా రాలేదని అప్పుడు గుర్తు చేసుకున్నాను.

ఇంకోటి చెప్పాలి. ఒక స్టేజీలో ఆరో తరగతి నుంచి ఒక పాప ఎక్కేది, స్టూడెంట్ పాస్. సీటు వెనక కడ్డీ పట్టుకుని నిలబడేది, పైకడ్డీ అందేది కాదు. ఆ తర్వాత ఇంటర్, ఆ తర్వాత నర్సింగు. నేను రోజూ ఆమె పాస్ చూసినవాణ్ని. పైకడ్డీ ఆమె ఎప్పుడు అందుకుందో నేను చూడలేదు. ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలైంది కదా, ఆ నెలలోనే ఒకరోజు ఆమె తన పాపని చంకనేసుకుని ఎక్కి, జీరో టికెట్ ఇవ్వు అన్నా అంది. ఒక చేత్తో పాప, ఒక చేత్తో పైకడ్డీ. నాకు టికెట్ కొట్టబుద్ధి కాలేదు, అట్లే చూస్తూ ఉన్నాను.

లేడీస్‌బోగీ | సోమవారం, మధ్యాహ్నం 3:10

అన్నా, నా కళ్లు తడయ్యాయి.

ఎడిసన్_రైలు | సోమవారం, సాయంత్రం 6:02

న్యూజెర్సీ నుంచి. 2008 నుంచి 2020 మార్చి దాకా ఎడిసన్‌లో రైలెక్కి న్యూయార్క్ పెన్ స్టేషన్‌కి వెళ్లేవాణ్ని. నువార్క్ దాటాక చిత్తడి నేలలు వస్తాయి, అక్కడ కుడివైపు దూరంగా మన్‌హాటన్ కనపడుతుంది. వన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ లేస్తున్న రోజులవి. ప్రతి పొద్దునా దాన్ని చూసేవాణ్ని. 2012 ఏప్రిల్ 30న అది ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ ఎత్తును దాటేసింది. ఆ సంగతి నాకు ఆఫీసులో టీవీ చూస్తే తెలిసింది. ఆ పొద్దున రైల్లోంచి చూసిన నాకు నిన్నటికీ ఈరోజుకీ తేడా ఏమీ కనపడలేదు.

మా నాన్నగారి విషయంలోనూ ఇలాగే జరిగింది. రోజూ వీడియో కాల్‌లో మాట్లాడేవాణ్ని. ఎంత చిక్కిపోయారో రెండేళ్ల తర్వాత గన్నవరం విమానాశ్రయంలో దిగాక చూశాను.

సీజన్‌పాస్ | సోమవారం, రాత్రి 8:40

అందరికీ ధన్యవాదాలు. ఆఫీసులో కూర్చుని ఇవన్నీ రెండుసార్లు చదివాను.

చందానగర్‌వాసి గారూ, మీ మాట నాకు తప్పుగా తోచలేదు. మా ఇల్లు కూడా ఏదో ఒక చెరువు కిందో పొలం మీదో కట్టిందే అయ్యుంటుంది. ఇల్లు కట్టుకున్నవాళ్ల మీద నాకే కోపమూ లేదు. నేను లేచే చోటు అది. ఇరవై ఏళ్లు నాకు గంట కొట్టిన రాయి. దానికి నేను ఒక్కసారైనా సరిగ్గా చూసి వీడ్కోలు చెప్పలేదు.

ఇంకో సంగతి తట్టింది. మొదటి రోజుల్లో మా బోగీలో ఒక పేపరు కొంటే ఆరుగురం చదివేవాళ్లం. మెయిన్ ఒకరు, జిల్లా ఎడిషన్ ఒకరు, ఆటల పేజీ ఒకరు. దిగే ముందు పేజీలన్నీ మళ్లీ వరస పెట్టి కొన్నాయన చేతికి ఇచ్చేవాళ్లం. ఆ పేపరు ఆఖరిసారి ఎవరు కొన్నారో ఈరోజు పాత స్నేహితులకు ఫోన్ చేసి అడిగాను. ఎవరికీ గుర్తు లేదు. ఒకాయన మాత్రం, నేను కొనడం మానేశాను, మీరు కొంటున్నారనుకున్నాను అన్నాడు.

మాస్టారూ, హైటెక్ సిటీ ప్లాట్‌ఫారం నుంచి బోరబండ వైపు, నా అంచనా ప్రకారం, రైలు వేగం తగ్గించాక నిమిషంన్నర. పట్టాలకు వంద గజాల లోపే.

కొండవాలు | సోమవారం, రాత్రి 11:15

విశాఖ నుంచి. మా దగ్గర అంతా ఒక్క రోజులో పోయింది, 2014 అక్టోబరు 12, హుద్‌హుద్. నేను మద్దిలపాలెం నుంచి గాజువాక వెళ్తాను. తుపాను తగ్గి బస్సులు తిరిగిన మొదటి రోజు సింహాచలం కొండ చూస్తే నిప్పు పెట్టినట్టు గోధుమ రంగులో ఉంది. బస్సులో ఒక్కరూ మాట్లాడలేదు. పోవడం అందరం చూశాం. తిరిగి రావడం ఎవరమైనా చూస్తామా అని, ఆ తర్వాతి ఏడాది నుంచి ప్రతి అక్టోబరు 12న ఒకే బస్టాపులో ఒకే చోట నిలబడి ఫోన్‌తో ఒక ఫోటో తీస్తున్నాను. అదే కరెంటు స్తంభం, అదే కొండ. రోజూ చూస్తే ఏమీ తెలియదు. ఆ ఫోటోలు వరసగా తిప్పితే మొదట నేల మీద పొదలు, తర్వాత కొమ్మ విరిగిన చెట్టుకు పక్కనుంచి కొత్త కొమ్మలు, ఆ తర్వాత ఎక్కడ విరిగిందో కూడా కనపడకుండా మూసుకుపోవడం. రెండు చోట్ల మాత్రం ఇంకా ఎర్రమట్టే ఉంది.

చందానగర్‌వాసి గారూ, మీ బాల్కనీలోంచి ఆ గుట్టకి రేపే ఒక ఫోటో తీయండి. మీ అబ్బాయిని కూడా పక్కన నిలబెట్టి తీయండి.

చందానగర్‌వాసి | మంగళవారం, ఉదయం 6:50

తీశానండీ. వాడు పళ్లు తోముకుంటూ ఉన్నాడు, అలాగే తీశాను.

లెక్కలమాస్టారు | మంగళవారం, రాత్రి 9:30

సీజన్‌పాస్ గారూ, దొరికిందనే అనుకుంటున్నాను. పట్టాల పక్కన ఒక గుండ్రటి నీడ, చుట్టూ చెట్లు. 2010 చిత్రంలో నీడ నిండుగా ఉంది. దాని తర్వాత నాకు దొరికిన చిత్రంలో నీడ సగమే ఉంది, దాని పక్కన తెల్లగా రాతి పొడిలా కనిపిస్తోంది. ఆ పై చిత్రంలో చదును నేల. లేడీస్‌బోగీ గారు చెప్పిన సెప్టెంబరుతో ఇది కలుస్తోంది. 2010 చివరికీ 2012కీ మధ్య. అంతకన్నా దగ్గరగా చెప్పలేను. అయితే ఆ సగం నీడ ఒకటి నాకు అర్థం కావడం లేదు. పేలిస్తే ఒక్కసారే పోవాలి కదా?

ఉలిచప్పుడు | మంగళవారం, రాత్రి 11:48

ఈ చర్చ మా బావ పంపిస్తే చదివాను. రాయడానికే సభ్యుణ్నయ్యాను.

మాది రాళ్లు కొట్టే ఇల్లు, వడ్డెరోళ్లం. మా నాన్న ఆ గుండు మీద పనిచేశాడు. మేం దాన్ని జంట గుండు అనేవాళ్లం, వెనకాల ఇంకో చిన్నది ఉండేది, రైల్లో ఉన్నవాళ్లకు కనపడదు. మాస్టారు అడిగిన సగం నీడకు జవాబు నా దగ్గర ఉంది. పట్టాలు పక్కనే కాబట్టి మందు పెట్టి పేల్చలేదు. చేత్తోనే తీశారు.

రాయికి వాటం ఉంటుంది. ముందు అది చూసుకోవాలి. వాటం వెంబడి జానెడు జానెడు దూరంలో నాలుగు వేళ్ల లోతు గుంటలు వరసగా తొలిచి, ఒక్కో గుంటలో ఇనుప చీల పెట్టి, సమ్మెటతో ఈ కొస నుంచి ఆ కొసకి కొట్టుకుంటూ పోవాలి. ఒకేదాని మీద బలంగా కొడితే చెడిపోతుంది. అన్నిటినీ కొంచెం కొంచెం దింపాలి. చప్పుడు మారుతుంది, గణగణ మోగేది బొంగురుపోతుంది. అప్పుడు ఆగాలి. కాసేపటికి రాయి దానంతటదే విచ్చుకుంటుంది. పైపొరలు లేపడానికి కొన్నిసార్లు కట్టెలు పెట్టి కాల్చేవాళ్లు. అలా పైనుంచి కిందికి, రోజుకు ఓ బెత్తెడు, ఒకోరోజు అదీ లేదు. దసరా అయ్యాక మొదలుపెట్టారు, మళ్లీ వానలు పడేదాకా చేశారు. నలుగురు మనుషులు.

సీజన్‌పాస్ సార్, మీరు చూడలేదు అని బాధపడుతున్నారు. ఎనిమిది నెలలు మీరు దాన్ని రోజూ చూశారు. ఈరోజు చూసింది నిన్నటికన్నా బెత్తెడు తక్కువ, అంతే. పొద్దున రైలు పోయేటప్పుడు మా నాన్న పైన ఉండేవాడు, తలకి ఎర్ర తువ్వాలు. తలుపు దగ్గర నిలబడ్డోళ్లు చెయ్యి ఊపితే తను సమ్మెట ఎత్తి చూపేవాడని చెప్తాడు.

ఆ రాయి చాలావరకు పునాదులకి పోయింది, కొంత కంచె కడీలకి పోయింది. కూలి డబ్బులు తక్కువ పడినప్పుడు మా నాన్న కొన్ని పలకలు తెచ్చుకున్నాడు. మా ఇంటి అరుగు వాటితోనే వేశాం. బోరబండలోనే.

సీజన్‌పాస్ | బుధవారం, ఉదయం 8:21

రైల్లోంచే రాస్తున్నాను. ఎర్ర తువ్వాలు. తమ్ముడూ, ఆ తువ్వాలు నాకు గుర్తుంది. గుండు మీద ఎవరో మనిషి, ఎర్ర తువ్వాలు, చెయ్యి పైకెత్తి ఉన్నాడు. ఇన్నాళ్లూ దాన్ని ఎక్కడ చూశానో తెలియక, ఏదో ఊరి దారిలో చూశాననుకున్నాను.

మీ నాన్నగారు ఇంట్లో ఉంటారా? ఆ అరుగు ఒకసారి చూడాలని ఉంది, ఆయనకు ఇబ్బంది లేకపోతే.

ఉలిచప్పుడు | బుధవారం, మధ్యాహ్నం 1:05

ఇబ్బందేముంది సార్. చేతులు వణుకుతున్నాయని పని మానేసి నాలుగేళ్లయింది, రోజంతా ఆ అరుగు మీదే కూర్చుంటాడు. నిన్న రాత్రి మీరు రాసింది చదివి వినిపించాను. తాబేలు అన్నారా, తాబేలే అది, తల మాత్రం మీ రైలు వైపు కాదు, అవతలి వైపు ఉండేది అన్నాడు. ఆదివారం పొద్దున రండి. బోరబండ స్టేషన్లో దిగి ఫోన్ చేయండి, నేనొస్తాను. ఆ అక్కను కూడా రమ్మనండి.

లేడీస్‌బోగీ | బుధవారం, మధ్యాహ్నం 1:32

వస్తున్నాను. మా పాపను కూడా తెస్తాను, దానికిప్పుడు పైకడ్డీ అందుతుంది.